పాత కార్ల కప్పులో ఇంజన్ మార్పిడి ఉంచాలా, తీసేయాలా?

సిరిపురం_సెకండ్‌గేర్:
ఆదివారం రాత్రుళ్లు మన వైజాగ్ గ్రూపుకి ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ రేసు వీడియో గేమ్‌లో పాత కార్ల కప్పు పెడదామనుకున్నాం కదా. 1975 వరకు వచ్చిన మోడల్ ఏదైనా సరే, ఎ క్లాసు, పీఐ 800 దాటకూడదు, మిగతాదంతా మీ ఇష్టం అని పోయిన వారం ట్రయల్ వేశాం. ముందు వరసలో వచ్చిన కార్లన్నిటికీ కొత్త కాలం ఇంజన్లు, నాలుగు చక్రాలకీ పవరు, వెనక ఇస్త్రీ బల్లంత రెక్క. కళ్లు మూసుకుని సౌండు వింటే డాట్సన్ ఏదో మస్టాంగ్ ఏదో తెలీలేదు.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: పీఐ అంటే కారు సత్తాకి ఆట వేసే మార్కు. 500 వరకు డి, 600 వరకు సి, 700 వరకు బి, 800 వరకు ఎ. భాగాలు మార్చేకొద్దీ ఆ మార్కు మారుతుంది.

ఇంజన్ మార్పిడి, ఆల్ వీల్ డ్రైవ్ మార్పిడి ఉంచుదామా, తీసేద్దామా? ఓటింగ్ పెట్టే ముందు వాదించుకోండి.

మద్దిలపాలెం_మినీ:
తీసేయాలి. ఇందులో వాదించడానికి ఏముందో నాకర్థం కాలేదు. డాట్సన్ 510 బాడీ కింద ఎక్కడిదో వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెట్టి, నాలుగు చక్రాలూ తిప్పి, దాన్ని 1970 కారంటే ఎలా? పేరుకి పాత కారు, లోపల అంతా కొత్తదే. అలాంటప్పుడు కొత్త కార్లే తోలుకోవచ్చుగా.

గాజువాక_గ్యారేజ్:
ఇదేటి గురూ, ఇంజన్ మార్చడం ఇప్పుడేదో ఆటలో పుట్టినట్టు మాటాడతన్నావ్! నువ్వు పోయిన వారం మెచ్చుకున్న కోబ్రా ఏటి మరి? బ్రిటన్‌వోళ్ల ఏసీ ఏస్ అనే చిన్న కారులో 1962లో కారోల్ షెల్బీ ఫోర్డ్ వీ8 దింపితేనే అది కోబ్రా అయింది. అది పుట్టడమే మార్పిడితో పుట్టింది. మనూళ్లో చూడు. అంబాసిడర్లకి, జీపులకి వేరే బండి డీజిల్ ఇంజన్ దింపని మెకానిక్ ఉన్నాడా? హిందుస్థాన్ మోటార్సోళ్లే 1990ల్లో అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్ పెట్టి అమ్మారు. ప్రీమియర్ 118ఎన్‌ఈ అయితే బాడీ ఫియట్‌ది, ఇంజన్ నిస్సాన్‌ది. మరి అవి పాత కార్లు కావా?

మద్దిలపాలెం_మినీ:
కోబ్రా సంగతి సగమే చెప్పారు. అదే కారులో 7 లీటర్ల 427 ఇంజన్ పెట్టాల్సి వచ్చేసరికి షెల్బీ వాళ్లు పాత చాసిస్ పనికిరాదని లావు గొట్టాలతో కొత్తది వేశారు, ఆకు పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. అంటే పెద్ద ఇంజన్‌కి తగ్గ ఖర్చు, కష్టం రెండూ పడ్డారు. ఆటలో ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది. పోలిక కుదరదు.

గాజువాక_గ్యారేజ్:
ఆటలో ఖర్చు లేదని ఎవురు చెప్పారు? పీఐ రూపంలో కడతన్నాం కదా. ముక్కు మీద బరువు పెరిగితే మలుపులో కారు తిరగదు, తిన్నగా గోడకెల్లిపోద్ది. అప్‌గ్రేడ్ పేజీలో ముందు బరువు శాతం మారడం కనిపిస్తానే ఉంటాది. దాన్ని మళ్లీ స్ప్రింగులతో, మలుపులో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లతో దారికి తెచ్చుకోవడమే ట్యూనింగ్ అంటే.

ఎంవీపీ_టర్బో:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. 1985 టయోటా ట్రూనోకి అనుమతి ఉందా? అది కూడా పాతదే కదా అన్నా.

సిరిపురం_సెకండ్‌గేర్:
1975 అన్నాం తమ్ముడూ. ట్రూనోకి ఇంకో ఆదివారం.

ఉక్కు_బి_షిఫ్ట్:
డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. ఇద్దరూ ఇంజన్ దగ్గరే ఆగిపోయారు. అసలు సంగతి ఇంజన్ కాదు, టైరు.

పాత కారు స్టాక్‌గా, అంటే ఏమీ మార్చకుండా కంపెనీ ఇచ్చినట్టు ఎలా ఉంటుంది? సన్నటి టైరు, తక్కువ బరువు, తక్కువ పవరు. పీఐ కూడా అడుగునే ఉంటుంది. దాన్ని 800కి తేవాలంటే బోలెడు మార్కులు ఖర్చు పెట్టాలి. ఆ మార్కులన్నీ పోసేది మూడు చోట్లే: రేస్ టైరు, ఆల్ వీల్ డ్రైవ్, ఇంజన్. 800 అని మనమే గేటు బార్లా తెరిచి, అందరూ ఒకే రకం కారు కట్టారని ఏడవడం ఏమిటి? అంత ఎత్తుకి చేరాలంటే కారు అలాగే తయారవుతుంది, వేరే దారి లేదు.

అదే సి క్లాసు పెట్టండి. 600 దాటకూడదు. ఇప్పుడు వీ8 పెడితే మార్కులన్నీ దానికే పోతాయి, టైర్లకీ బ్రేకులకీ మిగలవు. పవరుంటుంది, పట్టు ఉండదు. మలుపు దగ్గర మినీ వాడు లోపలి నుంచి దూరిపోతాడు. ఇంజన్ మార్పిడిని మనం నిషేధించక్కర్లేదు, లెక్కే దాన్ని బయటికి తోసేస్తుంది.

టైరు మాత్రం స్టాక్ రబ్బరే ఉండాలని నా మాట. వెడల్పు పెంచుకోనివ్వండి, రబ్బరు రకం మార్చనివ్వకండి. పట్టు తక్కువున్న టైరు మీద ఎంత పవరున్నా రోడ్డుకి చేరదు, పొగ అవుతుంది.

భీమిలి_బ్రేక్:
ఉక్కు గారి లెక్క మలుపుల ట్రాక్ మీద ఒప్పుకుంటాను. గోలియాత్ లాంటి పొడుగు రేసు పెడితే? అక్కడ చాలా దారి తిన్నగానే ఉంటుంది. స్టాక్ టైరుతో మిగిలిన మార్కులన్నీ పవర్‌లో పోసినవాడు మలుపుల్లో జారినా, తిన్నటి రోడ్డులో అందరినీ దాటేస్తాడు. పీఐకి ట్రాక్ తెలీదు కదా. ఒకే మార్కున్న రెండు కార్లు ఒక ట్రాక్‌లో సమానం, ఇంకో ట్రాక్‌లో అసలు పొంతనే ఉండదు.

ఇంకోటి. ఆల్ వీల్ డ్రైవ్ గురించి ఇంకా గట్టిగా అనాలి. మనది ఆగి మొదలయ్యే రేసు. పచ్చ లైటు పడగానే నాలుగు చక్రాల కారు దూసుకుపోతుంది, మొదటి మలుపు దగ్గర గుద్దులాటలో వెనక ఉన్నవాళ్ల రేసు అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత మీరెంత బాగా తోలినా ఏం లాభం?

గాజువాక_గ్యారేజ్:
ఆల్ వీల్ డ్రైవ్ తీసేస్తానంటే నేనూ ఒప్పుకుంటా. దాని మీద నాకేం మోజు లేదు. ఇంజన్ జోలికి మాత్రం రాకండి. సి క్లాసంటే మాత్రం కాస్త చప్పగా ఉంటాదేమో. ఎడ్లబండ్ల పోటీ పెట్టినట్టుంటాది.

మద్దిలపాలెం_మినీ:
చప్పగా అనిపిస్తే ట్యూన్ సరిగా లేదనే. సి క్లాసు మినీ తోలి చూడండి, యారాడ కొండ ఘాట్ రోడ్డులో స్కూటర్ వంచినట్టు వంగుతుంది. నేనెలా పెడతానో చెప్తాను, దాచుకునేదేం లేదు.

1965 కూపర్ ఎస్. ముందు చక్రాలే తోలుతాయి, ముందు చక్రాలే తిరగాలి, అంటే పనంతా ముందు టైర్లదే. అందుకని ముందు యాంటీ రోల్ బార్ మెత్తగా, వెనకది గట్టిగా. వెనక కాస్త జారనిస్తేనే ముక్కు లోపలికి తిరుగుతుంది. ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగే కోణం) మైనస్ 1 నుంచి మైనస్ 1.5 మధ్య, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా. స్ప్రింగు ఊపుని ఆపే డంపర్లలో బంప్‌ని (స్ప్రింగు నొక్కుకునేటప్పటి బిగువు) రీబౌండ్‌లో (తిరిగి చాచుకునేటప్పటి బిగువు) 60 శాతం దగ్గర ఉంచుతాను. డిఫరెన్షియల్ యాక్సిల్ (గ్యాస్ ఇచ్చినప్పుడు రెండు చక్రాల్నీ కలిపి తిప్పే బిగువు) తక్కువ పెట్టండి, లేకపోతే మలుపు మధ్యలో గ్యాస్ ఇవ్వగానే కారు బయటికి లాగేస్తుంది. ఫైనల్ డ్రైవ్ (గేర్లన్నిటినీ కలిపి పొడుగో పొట్టో చేసేది) ఆ ట్రాక్‌లోని పొడుగు రోడ్డు చివర టాప్ గేర్ నిండేలా చూసుకోండి. అంతకంటే పొడుగు గేర్ పెడితే వృథా.

రెక్క పెట్టకండి. మినీకి రెక్క పెట్టినవాడితో నేను మాట్లాడను.

ఎంవీపీ_టర్బో:
బీటిల్‌కి ఇదే పనిచేస్తుందా?

మద్దిలపాలెం_మినీ:
అస్సలు కాదు. 1963 బీటిల్‌కి ఇంజన్ వెనక. మలుపులో భయపడి గ్యాస్ వదిలేశావంటే బొంగరమే. దానికి ముందు బార్ గట్టిగా, వెనకది మెత్తగా, డిఫరెన్షియల్ డీసెల్ కొంచెం పెంచు. గ్యాస్ వదిలినప్పుడు వెనక కాస్త కుదురుగా ఉంటుంది. బ్రేకు మలుపులోకి దిగకముందే వేసేయ్.

ఎంవీపీ_టర్బో:
థాంక్స్ అన్నా. ఇంత తంటా ఎందుకు, తొమ్మిది అంకెల కోడ్ కొట్టి ఎవడో ప్రపంచ రికార్డు వాడి ట్యూన్ దించుకుంటే పోలే?

భీమిలి_బ్రేక్:
అదిగో, అసలు రోగం ఇదే! దించుకున్న ట్యూన్‌లో ఏముందో చూడనివ్వదు, మార్చనివ్వదు. మన కప్పులో సగం మంది ఒకే కోడ్ కొట్టుకుని వస్తే పోటీ ఎవరి మధ్య? వాళ్లందరి కార్లూ కట్టింది ఎక్కడో ఉన్న ఒక్కడే. ఇంజన్ కన్నా ముందు దీన్ని ఆపండి. సొంత ట్యూనే తేవాలి.

ఎంవీపీ_టర్బో:
అందరికీ ట్యూనింగ్ రావాలంటే ఎలా అన్నా? నాకు డ్రైవింగ్ ఇష్టం. డంపర్లంటే నిద్రొస్తుంది. ఉద్యోగం నుంచి వచ్చి, అన్నం తిని, గంట ఆడుకుందామంటే స్ప్రింగుల లెక్కలు చెయ్యమంటారా?

సిరిపురం_సెకండ్‌గేర్:
దీనికి ఇంకో దారి ఉంది. గ్రాన్ టురిస్మో 7 అనే ఇంకో రేసు ఆటలో బీఓపీ (కార్ల సత్తా సమం చేసే పద్ధతి) పెట్టిన రేసుల్లో ప్రతి కారు పవరూ బరువూ ఆటే సరిచేస్తుంది, చేతిలో ఉన్నది తోలడమే. మనమూ అలాగే నలుగురం కూర్చుని ఐదారు పాత కార్లకి ట్యూన్లు కట్టి, కోడ్లు ఇక్కడ పెడితే అందరూ అవే వాడొచ్చు.

గాజువాక_గ్యారేజ్:
ఏటి, ఆ నలుగురూ ఎవురు? అందులో మినీ గారుంటే మినీ గెలుస్తాది, నేనుంటే మస్టాంగ్ గెలుస్తాది. ఎటకారం కాదు, నిజంగానే అడుగుతన్నా.

ఇంకో సంగతి, టైరు ఎవురేది ఏసుకున్నారో ఎలా తేలుస్తావ్? ఆల్ వీల్ డ్రైవ్ అయితే స్టార్టింగ్‌లోనే తెలిసిపోద్ది. టైరు రబ్బరు బయటికి కనబడదు.

ఉక్కు_బి_షిఫ్ట్:
రేసుకి ముందు అప్‌గ్రేడ్ పేజీ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. అంతే. పెట్టనివాడు గెలిచినా పాయింట్లు లేవు.

రూల్సు మరీ ఎక్కువ రాసినా ప్రమాదమే. 1966 మాంటే కార్లో ర్యాలీలో మొదటి మూడు స్థానాలూ మినీలవే. తర్వాత తనిఖీలో ముందు లైట్ల బల్బులు రూలు ప్రకారం లేవని మూడింటినీ తీసేశారు, గెలుపు సిట్రోయెన్‌కి ఇచ్చారు. ఆ ర్యాలీ ఎవరైనా గుర్తుపెట్టుకున్నారంటే ఆ బల్బుల గొడవ వల్లే. అందుకని మూడే రూల్సు: 600 లోపు, డ్రైవ్ (ఏ చక్రాలకి పవరు వెళ్తుందో) మార్చొద్దు, స్టాక్ రబ్బరు. ఇంజన్ ఎవరిష్టం వాళ్లది. ట్యూన్ సొంతమా, దించుకున్నదా అని ఆరా తీయకండి. స్టాక్ రబ్బరు మీద సి క్లాసు ట్యూన్లు పెట్టినవాళ్లు ఎలాగూ తక్కువ, దించుకుందామన్నా మంచిది దొరకదు.

మద్దిలపాలెం_మినీ:
ఇంజన్ ఎవరిష్టం వాళ్లది అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. 600 లోపు పెద్ద ఇంజన్ గిట్టుబాటు కాదన్నారు, సరే. తేలికైన చిన్న కొత్త ఇంజన్ పెడితే? ముక్కు బరువూ పెరగదు, పవరూ వస్తుంది. అది మీ లెక్కకి దొరకదు. చూస్తూ ఉండండి, రెండో వారానికే ఎవడో కనిపెడతాడు. నా ఓటు ‘వద్దు’కే.

గాజువాక_గ్యారేజ్:
కనిపెట్టినోడికి దండేద్దాం గురూ, తిట్టడం దేనికి? 600 లోపు అది కుదిరేలా చెయ్యడం తేలికనుకున్నావా?

భీమిలి_బ్రేక్:
ట్రాక్ మాత్రం రేసుకి గంట ముందే చెప్పండి. వారం ముందే చెప్తే అందరూ ఆ ఒక్క ట్రాక్‌కే కారు కడతారు. ముందు తెలీకపోతే పవర్ వాడూ పట్టు వాడూ ఇద్దరూ మధ్యస్థంగా కట్టుకోవాల్సిందే.

సిరిపురం_సెకండ్‌గేర్:
సరే, ఈ ఆదివారానికి ఉక్కు గారి మూడు రూల్సుతో వేద్దాం. ట్రాక్ ఎనిమిదింటికి చెప్తాను, రేసు తొమ్మిదింటికి. గోలియాత్ మాత్రం పెట్టను. ఇంజన్ మీద ఓటింగ్ ఆ రేసు అయ్యాకే. మినీ గారు చెప్పినట్టు చిన్న కొత్త ఇంజన్ ఎవరైనా పెట్టుకొస్తే ఆ కారు దగ్గరే తేల్చుకుందాం.

ఉక్కు_బి_షిఫ్ట్:
ఆదివారం నాకు బి షిఫ్టే. పదింటికి దిగి ఇంటికొచ్చేసరికి పదిన్నర. రెండో రేసు నుంచి కలుపుకోండి.

ఎంవీపీ_టర్బో:
స్టాక్ రబ్బరు సరే. బ్రేకులు మార్చుకోవచ్చా? ఆ బీటిల్ బ్రేకులు కాలితో తొక్కుతున్నానో దణ్ణం పెడుతున్నానో నాకే తెలీడం లేదు.

సిరిపురం_సెకండ్‌గేర్:
మార్చుకో తమ్ముడూ. 600 లోపు సరిపోతే చాలు.