బ్రేకుల్లేని లారీ తోలించిన ఓనరు మీద కేసు పెట్టరా?

తోతాపురి మామిడి లోడుతో పలమనేరు నుంచి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీకి పోతూ మా తమ్ముడు మొగిలి ఘాట్‌లో ముందున్న కారును గుద్దాడు. అందులో పెద్దాయనకు చెయ్యి విరిగింది, పాపం.

బ్రేకు లైనర్లు అరిగిపోయాయని తమ్ముడు వారం ముందే ఓనరుకు వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. ‘సీజన్ అయినాక చూద్దాంలే’ అని జవాబు. ఇప్పుడేమో ఎఫ్‌ఐఆర్‌లో మావాడి పేరొక్కటే. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281 (ర్యాష్ డ్రైవింగ్), 125(బి) (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం) పెట్టారు. రెండోదానికి 3 ఏళ్ల దాకా జైలంట, ఇంట్లో అమ్మకు నిద్ర లేదు.

మోటారు వాహనాల చట్టం 190(1) ప్రకారం, లోపం తెలిసీ బండి నడపనిచ్చినవాడికి కూడా శిక్ష ఉంది కదా? ఓనరును చేర్చమని ఎవరికి అర్జీ పెట్టాలి? బండిని తనిఖీ చేసే ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు కాపీ మాకిస్తారా? ఇంకో భయం: ఆ వాయిస్ బయటపెడితే, తెలిసే నడిపాడని మావాడి మెడకే చుట్టుకుంటుందా?