ఎంఎస్ జబ్బు గురించి రాసేటప్పుడు “కంచే చేను మేసినట్టు” అనొచ్చా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో “రోగనిరోధక కణాలే నరాల మీద పడతాయి, కంచే చేను మేసినట్టు” అని రాశాను. నప్పిందంటారా?

— భేషుగ్గా ఉందండీ. కాపాడాల్సినవే కాటేస్తే మనవాళ్ల నోట వచ్చే మాట అదే.

— కీళ్లవాతానికైతే నేనూ సరే అంటాను. ఎంఎస్‌లో మాత్రం కంచె అనదగ్గది వేరే ఉంది. మెదడులోని రక్తనాళాల గోడ కణాలు సందు లేకుండా బిగుసుకుని, రక్తంలోంచి ఏది పడితే అది లోపలికి పోకుండా ఆపుతాయి. ఆ కంచె ఏమీ మెయ్యదు. రక్తంలో తిరిగే టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) గోడకు అతుక్కుని, దాన్ని దాటి లోపలికి దూరతాయి. అక్కడ నరాల తంతువుల మీద తొడుగులా ఉండే మైలిన్ ముక్కలు ఎదురైతే రెచ్చిపోయి మిగతా కణాలను పిలుచుకొస్తాయి. ఆ మైలిన్ తొడుగు ఊడిపోతుంది. కంటి నరంలో ఇది జరిగితే ఒక కంటి చూపు మసకబారుతుంది, కన్ను తిప్పితే నొప్పి. అమెరికాలో 2004లో అనుమతి పొందిన నటాలిజుమాబ్ అనే మందు ఆ టీ కణాలను చంపదు, గోడకు అతుక్కోనివ్వదు, అంతే. మీ వాక్యం చదివితే ఈ సంగతి తట్టదు.

— బీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాల మాట కూడా రాయండి. యాంటీబాడీలు తయారుచేయడమే వాటి పని అనుకుంటాం. బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు మీద 2008లో వెలువడిన పరీక్షలో బీ కణాలు తగ్గగానే మెదడులో కొత్త మచ్చలు బాగా తగ్గాయి. ఆ మందు యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల జోలికి పోదు. అంటే బీ కణాలు టీ కణాలకు శత్రువు ఇదిగో అని చూపించి ఉసిగొల్పుతూ ఉండొచ్చన్నమాట. నాకు ఈ జబ్బు కథలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే.

— మరి సామెత తీసేయనా?

— తీయకండి, చోటు మార్చండి. మెదడులోనే కాపురముండే రోగనిరోధక కణాలున్నాయి, మైక్రోగ్లియా. చెత్త ఎత్తడం, కాపలా కాయడం వాటి పని. జబ్బు ముదిరాక బయటి కణాల రాక తగ్గినా, ఇవి మచ్చల అంచున రగులుతూ నష్టం చేస్తూనే ఉంటాయి. సామెత అక్కడ అతికినట్టు సరిపోతుంది.

ఇంకొక్కటి: “నరాల బలహీనత” అని ఎక్కడా రాయొద్దు. ఆ మాట చూస్తే జనం టానిక్కులు, ఇమ్యూనిటీ పెంచే పొడులు కొనుక్కుంటారు. ఈ జబ్బుకు వాడే మందుల్లో చాలావరకు ఇమ్యూనిటీని అదుపు చేసేవే.