ఫొటోగ్రాఫర్ హోదాలో శాసన మండలికి వెళ్లవచ్చునా?

స్టూడియో యజమాని, తిరుపతి:
2020 ఏప్రిల్‌లో మహారాష్ట్ర మంత్రివర్గం ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రేను మండలికి నామినేట్ చేయాలని గవర్నర్‌కు సిఫారసు చేయడం తప్పు కాదని నా వాదన. 2019 నవంబరు 28న ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. ఆరు నెలల్లో సభ్యత్వం రాకుంటే పదవి పోతుంది. కరోనా వల్ల మండలి ఎన్నికలు వాయిదా పడ్డాయి. 171వ అధికరణ ప్రకారం సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సామాజిక సేవ రంగాల వారిని గవర్నర్ నామినేట్ చేయవచ్చు. ఉద్ధవ్ ఆకాశం నుంచి తీసిన కోటల చిత్రాలు 2010లో పుస్తకంగా వచ్చాయి, మరుసటి ఏడు పండరీపురం యాత్ర చిత్రాలు వచ్చాయి. చంద్రగిరి కోటను నేల మీద నిలబడి తీయడానికే సరైన వెలుతురు కోసం గంటల తరబడి కాచుకునే మాకు, కదిలే హెలికాప్టర్ నుంచి కోటగోడల వరుస చెదరకుండా పట్టడం ఎంత కష్టమో తెలుసు. అది కళ కాదంటే ఒప్పుకోను.

ఉపాధ్యాయిని, చిత్తూరు:
యజమాని గారూ, చిత్రాల గొప్పతనంపై నాకు పేచీ లేదు. ఆ స్థానం ఎవరి కోసం అన్నదే నా ప్రశ్న. మన రాష్ట్ర మండలిలో 58 స్థానాలుంటే నామినేటెడ్‌వి 8 మాత్రమే. మా ఉపాధ్యాయ స్థానానికి పోటీ చేసేవారు ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలంతా తిరిగి ఓట్లడగాలి. అలా తిరగలేని కళాకారులకూ పండితులకూ సభలో చోటుండాలనే ఆ 8 స్థానాలను విడిగా ఉంచారు. 2003లోనే శివసేన కార్యనిర్వాహక అధ్యక్షులైన వ్యక్తి అలాంటివారా? ఆయన 'సామ్నా' సంపాదకత్వం వహించారని కొందరంటారు గానీ, పత్రికా రచన ఆ ఐదు రంగాల జాబితాలో లేదు, పైగా అది పార్టీ పత్రిక.

స్టూడియో యజమాని, తిరుపతి:
అమ్మా, పార్టీ నాయకుడు కళాకారుడు కారాదని అధికరణలో ఎక్కడా లేదు. మీరు చెప్పేది ఉద్దేశం, నేను చెప్పేది నిబంధన.

న్యాయవాది, తిరుపతి:
ఇద్దరూ గవర్నర్‌ను వదిలేశారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. మంత్రివర్గం రెండోసారి సిఫారసు పంపాక, ఖాళీగా ఉన్న తొమ్మిది స్థానాలకు ఎన్నికలు జరపాలని ఏప్రిల్ 30న ఎన్నికల సంఘానికి లేఖ రాశారు. తొమ్మిది మందీ మే 14న ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు, ఉద్ధవ్ 18న ప్రమాణం చేశారు. సిఫారసును తిరస్కరించదలిస్తే కారణం రాసి పంపవలసింది. వారాల తరబడి మౌనంగా ఉండి, ఒక ప్రభుత్వాన్ని గడువు అంచున నిలబెట్టడమే నా దృష్టిలో అసలు తప్పు. దానివల్ల ఈ ప్రశ్నకు తీర్పు కూడా లేకుండా పోయింది.

ఉపాధ్యాయిని, చిత్తూరు:
గవర్నర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఎన్నిక జరిగిందంటే కెమెరాను అడ్డం పెట్టుకోవలసిన అవసరం లేకుండానే దారి దొరికిందని కదా. 2022 జూన్‌లో ముఖ్యమంత్రి పదవి వదిలాక, ఆగస్టులో ఆయన తిరిగి చేపట్టింది కూడా 'సామ్నా' సంపాదకత్వాన్నే.