1878 ఒంగోలు సామూహిక బాప్తిస్మాలు: మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌లలో ఎవరి వివరణ నిలుస్తుంది?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని)

సోషియాలజీ ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మతానికి సామాజిక కారణాలు అన్న పాఠంలో మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌లను వరుసగా చదివించి, పరీక్షలో ముగ్గురినీ పోల్చి రాయమంటారు. ఒకే సంఘటన మీద ముగ్గురినీ పరీక్షించి చూస్తే ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో మాత్రం తేల్చరు. అందుకు నేను ఎంచుకున్నది మన ప్రాంతపు సంఘటనే. ధాత కరువు (1876–78 నాటి పెద్ద కరువు) తగ్గుముఖం పట్టిన తరువాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. దీన్ని గురించి ఎప్పుడు మాట వచ్చినా "గంజి కోసం మారారు" అని తేల్చేస్తారు. మార్క్స్ దృష్టితో చూస్తే వచ్చే వివరణ ఇదేనా? డర్క్‌హైమ్‌కు ఇక్కడ అసలు చోటుందా? పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

అమ్మా, ముందుగా గంజి వాదాన్ని మార్క్స్ నుంచి విడదీయండి. మతం పీడితుల నిట్టూర్పు అనీ, బాధకు అది వ్యక్తరూపమే కాక ఆ బాధపై నిరసన కూడా అనీ ఆయన 1844లో అన్నాడు. మతం ప్రజలకు నల్లమందు అన్న మాట ఒక్కటే జనానికి గుర్తుండి, నిరసన మాట మరుగున పడింది. కడుపు నింపినవాడి మతం పుచ్చుకుంటారన్నది ఆయన సిద్ధాంతం కాదు.

ఇక వాస్తవాలు చూద్దాం. కరువు కాలంలో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, వేలాది మందికి కూలి చూపించాడు. అయితే తిండి కోసం చేరుతున్నారన్న అపవాదు రాకూడదని, జనం ఎంత అడిగినా ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. కాలువ పనికి అనేక కులాలవారు వచ్చారు. కూలి అందరికీ అందింది. ఆకలే కారణమైతే అందరూ ఏదో ఒక పాళ్లలో మారి ఉండాలి, కానీ మారినవారు ప్రధానంగా ఒక్క కులంవారు. పైగా 1867లో ఎనిమిది మందితో ఏర్పడిన ఒంగోలు సంఘంలో కరువుకు ముందే మూడు వేలకు పైగా సభ్యులున్నారు. కాబట్టి జనం ఎప్పుడు ఒక్కసారిగా వచ్చారన్నదాన్ని కరువు కొంతవరకు వివరిస్తుంది. ఎవరు వచ్చారు, ఎటు వెళ్లారు అన్నవాటికి అది సమాధానం కాదు.

జవాబు 2 (గ్రామదేవతల ఆరాధనపై పరిశోధిస్తున్నవారు)

మాస్టారి మాటతో ఏకీభవిస్తూనే, ఈ సంఘటనలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినదాన్ని చెబుతాను. చేరినవారు పాటించవలసినవని చెప్పిన నియమాలు ప్రధానంగా మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. పైకి ఇవి మత నియమాలే అయినా, పల్లెలో నిలబడి చూస్తే ఒక్కొక్కటీ ఊరితో ఉన్న ఒక్కో కట్టును తెంచేదిగా కనిపిస్తుంది. రైతుకు చెప్పులూ, పగ్గాలూ, మోట బావికి తోలు బొక్కెనలూ ఇచ్చి, కబురు వస్తే పరుగున వెళ్లి, కళ్లం దగ్గర గింజలు కొలిపించుకునే మనిషి ఆదివారం రానంటే అది కేవలం భక్తి కాదు. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం అతని విధి, దాని తోలూ మాంసమూ అతని హక్కు. మాంసం ముట్టనన్నప్పుడు ఆ లెక్కంతా తారుమారవుతుంది. విగ్రహాలను కొలవనని జాతరలో డప్పు కొట్టనంటే జాతరే ఆగిపోతుంది.

డర్క్‌హైమ్ అవసరం ఇక్కడే వస్తుంది. 1912లో ఆయన చెప్పినదాని ప్రకారం సమాజం దైవం పేరిట తనను తానే కొలుచుకుంటుంది, కర్మకాండలో ఆ ఐక్యతను పునరుద్ధరించుకుంటుంది. మన అమ్మవారి జాతరకు ఇది అక్షరాలా సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ఆయన ఆధారంగా తీసుకున్నది ఆస్ట్రేలియా ఆదివాసుల గణాలను, మెట్లు మెట్లుగా ఉన్న ఊరిని కాదు. మాతంగి సంగతే తీసుకోండి. మాదిగ కులానికి చెందిన ఆ స్త్రీ జాతరలో కల్లు పుక్కిలించి పెద్దకులాలవారిపై ఉమ్ముతూ, తిడుతూ తిరుగుతుంది. వారు దాన్ని అనుగ్రహంగా స్వీకరిస్తారు. జాతర ముగిసిన మర్నాటి నుంచి ఆమె ఎప్పటిలాగే ఊరి వెలుపలి మనిషి. ఏడాదికొకసారి తిరుగుబాటుకు వీలిచ్చి మిగతా కాలమంతా అంతరాన్ని నిలబెట్టే ఐక్యత అది. డప్పు పక్కన పెట్టడమంటే దేవుణ్ణి మార్చుకోవడం కన్నా ముందు, ఆ ఐక్యతలో తమకు కేటాయించిన పాత్రను నిరాకరించడం. ఊరిపెద్దలు కూడా దాన్ని సరిగ్గా అలాగే అర్థం చేసుకున్నారు. అందుకే నీళ్లు కట్టడి చేశారు, పనులు మాన్పించారు, దౌర్జన్యానికి దిగారు.

జవాబు 3 (సోషియాలజీ అధ్యాపకురాలు)

పై రెండు జవాబులూ తాకని ప్రశ్న ఒకటుంది: ఒక పల్లె నుంచి మరో పల్లెకు ఇది ఎలా పాకింది? కొత్త మతంలోకి మనుషుల్ని లాగేది బోధన కన్నా ముందే ఉన్న స్నేహ, బంధుత్వ సంబంధాలని సోషియాలజిస్టులు లోఫ్లాండ్, స్టార్క్ 1965లో ప్రతిపాదించారు. వారు చూసినది అమెరికాలో ఒక చిన్న కొత్త మతశాఖలో చేరిన వ్యక్తులను. ఇక్కడ నిర్ణయం వ్యక్తిది కాదు, వాడదీ వంశానిదీ. అయినా సూత్రం వర్తిస్తుంది. మాదిగ కులానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది, తన బంధువర్గంలోనే మొదట బోధించాడు. వియ్యాలు అందుకునే పల్లెల మీదుగా వార్త నడిచింది. కృష్ణా ప్రాంతంలో 1859లో మాల కులానికి చెందిన పగోలు వెంకయ్యతో మొదలైన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ఉద్యమం మాలల్లో విస్తరించగా, ఒంగోలు బాప్టిస్టు ఉద్యమం మాదిగల్లో విస్తరించడం కూడా అందుకే. ఇందులో వేదాంత భేదం పాత్ర నాకు దాదాపు కనిపించదు. క్లౌకు మొదట పెద్దకులాల పిల్లల బడి మీద ఎంతో ఆశ ఉండేది. మాదిగలను చేర్చుకోగానే ఆ పిల్లలు బడి మానేశారు. ఆ దారి మూసుకుపోయింది కనుకనే ఈ దారి అంతగా తెరుచుకుంది.

వెబర్ విషయానికి వస్తే, ఆయనలో సగం నిలుస్తుంది, సగం నిలవదు. మనుషుల్ని నడిపించేవి ప్రయోజనాలే అయినా, ఏ పట్టాల మీద నడవాలో తరచుగా భావాలు నిర్ణయిస్తాయని, రైలు దారి మళ్లించే పాయింట్స్‌మన్ పోలికతో చెప్పాడు. పేరయ్య అంతకుముందు రాజయోగ సాధన చేసినవాడు. విగ్రహం లేని ఆరాధన, గురూపదేశం, కులం అడ్డురాని ముక్తి వంటి భావాలు ఆ పల్లెల్లో అప్పటికే ఉన్నాయి. పట్టాలు ముందే సిద్ధంగా ఉన్నాయన్నమాట. కానీ కర్మ సిద్ధాంతం వల్ల కింది కులాలు మరుజన్మ మీద ఆశతో ఉన్న స్థితికి కట్టుబడి ఉంటాయన్న ఆయన అంచనా వెల్లంపల్లి రేవులో నిలవదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. దీన్నే డిసర్టేషన్‌గా తీసుకోవాలనుకుంటున్నాను. ఆధారాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 3 (కొనసాగింపు)

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకం మాదిగల నోటి కథనాలను, మాతంగి ఆచారాన్ని, యోగుల శాఖలను నమోదు చేసింది. మిషనరీ కలం నుంచి వచ్చినదన్న ఎరుకతో చదవండి. ఉద్యమం విఫలమైన చోట్ల గురించి అటువంటి రచనలు తక్కువ మాట్లాడతాయి. మీరు మాత్రం అటువంటి చోట్లనే వెతకాలి. కరువు తగిలి, కాలువ కూలికి వెళ్లి, పక్క పల్లెలో బంధువులు మారినా తాము మారని మాదిగ పల్లెలు దొరికితే, అక్కడ ఊరి భూమి ఎవరి చేతిలో ఉండేదో, జాతర ఎలా జరిగేదో, డప్పుకు ఏం ముట్టేదో రాబట్టండి. ఈ ముగ్గురిలో ఎవరిని ఎంత నమ్మవచ్చో అక్కడే తేలుతుంది.