ధూళికట్ట మట్టికోటను ఆనుకుని మా పొలం: తమ్ముడికి ఏమని చెప్పాలి?

పెద్దపల్లి ఆడబిడ్డ:
నేను హనుమకొండలో ఉంటాను, పుట్టిల్లు ధూళికట్ట వైపు. మా చేను ఒక పక్క మట్టికోట కట్టకు ఆనుకుని ఉంది. ఈ వేసవిలో జేసీబీ పెట్టి ఆ వాలు చదును చేస్తానంటున్నాడు తమ్ముడు. పత్తికి మరో నాలుగు సాళ్లు వస్తాయట, మన్ను చేనుకు బలమట. వాడిని తప్పుపట్టలేను. మా తాత కూడా ఎండాకాలమంతా బండ్లతో పాటిమన్ను (పాత ఊరి దిబ్బల మన్ను) తోలినవాడే.

కానీ మొన్న అకాల వాన వెలిశాక కట్ట కోసుకుపోయిన చోటికి వెళ్లాను. ఒక కుండ పెంకు కనబడింది. లోపల నిగనిగలాడే నలుపు, బయట ఎరుపు. దాని పక్కనే మూరెడు పొడవు ఇటుక సగం బయటికి వచ్చి ఉంది. దాన్ని ముట్టుకోలేదు, పెంకునూ ఉన్నచోటే పెట్టి వచ్చాను. తమ్ముడిని ఎలాగైనా ఆపాలి. ఏం చెబితే వింటాడు?

తవ్వకాల్లో పనిచేసినవాణ్ణి:
కదపకుండా మంచి పని చేశారమ్మా. కుండను బోర్లించి కాలిస్తే గాలి ఆడని లోపలి వైపు నల్లబడుతుంది, బయట ఎర్రబడుతుంది. మీరు చూసింది ఆ రకమే. ధూళికట్టలో 1970లలో తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు ఊరు, దగ్గరలో బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగును చెక్కిన పలకలతో బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. ఆంధ్రులకు ప్రాకారాలున్న నగరాలు 30 ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వాటిలో ఇదీ ఒకటై ఉంటుందని భావించే చరిత్రకారులున్నారు.

రాతికోట కూలితే రాళ్లయినా మిగులుతాయి. ఇక్కడ మట్టే కోట. ఏ పెంకు ఏ పొరలో ఉందన్నదాన్ని బట్టే దాని కాలం తెలుస్తుంది. జేసీబీ ఒక్క పూటలో ఆ పొరలన్నీ కలిపేస్తుంది.

పెద్దబంకూరు రైతు:
అక్కా, చట్టం పేరెత్తి మొదలుపెట్టకండి, మొండికేస్తాడు. ముందు సర్వేయర్‌తో హద్దు కొలిపించండి. కట్ట మీ పట్టాలో ఎంతవరకు ఉందో తేలాలి కదా. తర్వాత వారసత్వ శాఖకు రాతపూర్వకంగా తెలపండి. మా ఊళ్లో తవ్వకాల్లో దాదాపు 22 వేల నాణేలు దొరికాయి. మీకు ఏదైనా దొరికితే కలెక్టరుకు చెప్పాల్సిందే, పది రూపాయల విలువ దాటితే చాలు. అది 1878 నాటి నిక్షేపాల చట్టం.

పెద్దపల్లి ఆడబిడ్డ:
నిన్న తమ్ముడిని ఆ కోత దగ్గరికే తీసుకెళ్లాను. ఇటుక పక్కన మోచెయ్యి ఆనించి చూసుకున్నాడు, చాలాసేపు మాట్లాడలేదు. సర్వే అయ్యేదాకా ఆగుతానన్నాడు, అంతవరకే. ఈలోపు మళ్లీ వాన పడితే ఆ ఇటుక జారిపోయేలా ఉంది. పైన టార్పాలిన్ కప్పవచ్చా, ఇసుక బస్తాలు ఆనించాలా?