వంటగట్టు మీద కప్‌బోర్డుల కింద: స్ట్రిప్పు లైటా, టీ5 ట్యూబా?

పటమట_ఫ్లాట్:
విజయవాడ అపార్ట్‌మెంటులో వంటగది. గట్టు లోతు 24 అంగుళాలు, నల్లటి పాలిష్ గ్రానైటు. పై కప్‌బోర్డుల లోతు 13 అంగుళాలు, గట్టుకీ వాటికీ మధ్య ఖాళీ 20 అంగుళాలు. నడుమ పొయ్యి, దానిపైన చిమ్నీ. ఎడమ పక్క 5 అడుగులు, కుడి పక్క 4 అడుగుల మేర లైటు కావాలి. టైల్స్ వేయడం అయిపోయింది, ఇక గోడ కొట్టే వీల్లేదు. కార్పెంటరు స్ట్రిప్పు (ఎల్‌ఈడీలు పొదిగిన రిబ్బను) అంటున్నారు, ఎలక్ట్రీషియన్ టీ5 (సన్నటి ఎల్‌ఈడీ) ట్యూబు అంటున్నారు. ఏది నిలుస్తుంది?

వైరింగ్_వన్‌టౌన్:
టీ5 వేయించండి. ఎడమ పక్క 4 అడుగుల 20 వాట్లది, కుడి పక్క 2 అడుగుల 10 వాట్లది సరిపోతాయి. చిమ్నీ సాకెట్ దగ్గర కరెంటు ఎలాగూ ఉంది. అక్కణ్ణుంచి కప్‌బోర్డు లోపలి మూలగా 1 చదరపు మిల్లీమీటరు మూడు కోర్ల వైరు దించి, విడిగా ఒక స్విచ్చు పెట్టండి.

స్ట్రిప్పు వద్దనడానికి కారణాలున్నాయి. దాన్ని పట్టుకునేది వెనకున్న గమ్ టేపు ఒక్కటే. పోపు పొగ ప్లైవుడ్‌కి నూనె పొరలా పడుతుంది, మే నెల వేడి దానికి తోడవుతుంది, టేపు ఊడి స్ట్రిప్పు వేలాడుతుంది. ముక్కల్ని కలిపే క్లిప్పు కనెక్టర్లు ఇంకో తలనొప్పి. పట్టు వదులైన చోట వేడెక్కి నల్లబడతాయి, అక్కణ్ణుంచి అవతలి భాగం మిణుకుమంటుంది. ఇక డ్రైవర్, అంటే ఇంటి 230 వోల్టుల కరెంటుని స్ట్రిప్పుకి సరిపడే తక్కువ వోల్టుల డీసీగా మార్చే డబ్బా, పోతే మొత్తం చీకటే. ట్యూబు పోతే కొత్తది తెచ్చి ఇంట్లో వాళ్లే బిగించుకోవచ్చు.

మాడ్యులర్_గుంటూరు:
వన్‌టౌన్ గారూ, మీరు చెప్పినవన్నీ ప్లైవుడ్‌కి నేరుగా అతికించిన స్ట్రిప్పుకి వచ్చే జబ్బులు. అల్యూమినియం ప్రొఫైల్‌లో (గాడి ఉన్న పొడవాటి పట్టీలో) పెట్టి, పాల రంగు మూతేస్తే వాటిలో సగం రావు. ప్రొఫైల్‌ని స్క్రూలతో బిగిస్తాం. కప్‌బోర్డు అడుగు ప్లై 18 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి 12 మిల్లీమీటర్ల స్క్రూ చాలు, పొడుగుది వాడితే మొన లోపలికి పొడుచుకొస్తుంది. ప్రొఫైల్ లోపలి గాడిని స్పిరిట్‌తో తుడిచి, ఆరాక స్ట్రిప్పు అతికించాలి. వేడిని అల్యూమినియం లాగేస్తుంది కనుక ఎల్‌ఈడీల వయసు కూడా పెరుగుతుంది. అతుకుల దగ్గర క్లిప్పులు వద్దు, సోల్డరింగ్ చేయించండి.

ఒక హెచ్చరిక: వంటిల్లు కదా అని నీళ్లు చొరబడని ఐపీ65 జెల్ పూత స్ట్రిప్పు కొంటారు చాలామంది. ఆ పూత వేడికీ పొగకీ పసుపెక్కి లైటు రంగే మారిపోతుంది. మూత ఉన్న ప్రొఫైల్‌లో పూత లేని మామూలు ఐపీ20 స్ట్రిప్పే మేలు.

టీ5తో చిక్కు దాని ఎత్తు. కప్‌బోర్డు కింద కనీసం అంగుళంన్నర చెక్క పట్టీ దిగి ఉండకపోతే, హాల్లో కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లలోకి కొడుతుంది.

వైరింగ్_వన్‌టౌన్:
పట్టీ కొట్టడం కార్పెంటరుకి గంట పని. ప్రొఫైల్ సంగతి ఒప్పుకుంటాను. డ్రైవర్ సంగతి మాత్రం ఒప్పుకోను. ఇంటీరియర్ వాళ్లు దాన్ని చిమ్నీ డబ్బా వెనకో, మూసేసిన అటకలోనో పడేస్తారు. గాలాడక మాడిపోతుంది. మార్చాలంటే లామినేటు ఊడదీయాలి. చిల్లుల రేకు డబ్బా రకమైతే బొద్దింకలూ బల్లులూ దూరతాయి.

డీసీ_లెక్క:
మామూలు స్ట్రిప్పు 12 వోల్టులది, టీ5 నేరుగా 230 వోల్టులది. 24 వోల్టుల స్ట్రిప్పు సంగతి ఇద్దరూ ఎత్తలేదు, అది చూడండి. ప్రశ్న అడిగినవారికి మొత్తం 9 అడుగులు, అంటే దాదాపు 2.7 మీటర్లు. మీటరుకి 9.6 వాట్ల స్ట్రిప్పు అయితే 26 వాట్లు. పావు వంతు అదనంగా కలిపితే 33, కనుక 40 వాట్ల డ్రైవర్ తీసుకోవాలి.

12 వోల్టులయితే 2.2 ఆంపియర్లు పారతాయి. డ్రైవర్ 5 మీటర్ల దూరంలో ఉండి, సన్నటి 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే, రానుపోను కలిపి దాదాపు 0.8 వోల్టు దారిలోనే పోతుంది. చిమ్నీ అవతలి ముక్క మసకగా వెలగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, స్ట్రిప్పు నాసిరకం కావడం కాదు. 24 వోల్టులయితే ఆంపియర్లు సగం, నష్టం 0.4 వోల్టు, తేడా కంటికి కనిపించదు. రెండు పక్కలకీ డ్రైవర్ నుంచి విడివిడిగా వైర్లు లాగాలి. ఒకదాని తోక నుంచి ఇంకోదానికి కలపొద్దు.

డ్రైవర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. మూసి ఉన్న ప్లాస్టిక్ బాడీది కొని కప్‌బోర్డు పై అరలో, తలుపు తీస్తే చెయ్యి అందే చోట స్క్రూలతో బిగించండి. వన్‌టౌన్ గారి అభ్యంతరానికి ఇదే జవాబు. అలా అందే చోటు లేని ఇంట్లో మాత్రం ఆయన మాటే నెగ్గుతుంది, టీ5 వేసుకోవాలి.

బ్రాడీపేట_వంటిల్లు:
లైటు ఎక్కడ పెట్టాలో ఒక్కరూ చెప్పలేదే! ఏది కొన్నా దాన్ని గోడ వైపు బిగిస్తే డబ్బు వృథా. టైల్స్ మెరుస్తాయి, కూర తరిగే చోట మన చేతి నీడే పడుతుంది. కప్‌బోర్డు ముందు అంచుకి ఆనించి పెట్టించండి.

నల్ల గ్రానైటు అద్దం లాంటిది. లైటు వెనక ఉంటే దాని ప్రతిబింబం సరిగ్గా గట్టు నడుమ కనిపిస్తుంది. ముందుంటే ఆ గీత గట్టు అంచుకి జరుగుతుంది. 45 డిగ్రీల మూల ప్రొఫైల్‌ని గోడ వైపు వంచితే మన కళ్ల వైపు వచ్చే వెలుగు ఇంకా తగ్గుతుంది. లోతు తక్కువ ప్రొఫైల్‌లో మామూలు స్ట్రిప్పు పెడితే, పాల మూత ఉన్నా చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. చుక్కలు కనబడని సీఓబీ స్ట్రిప్పు తీసుకోండి, దాన్ని మాత్రం మూల దగ్గర మడవకూడదు.

రంగు 4000 కెల్విన్, అంటే మరీ పసుపూ మరీ నీలమూ కాని నడిమి తెలుపు. ప్యాకెట్ మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సగటు అంకె) 90 అన్నంత మాత్రాన ఆగకుండా ఆర్9 విలువ కూడా అడగండి. ఎరుపు ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పేది అదే, సీఆర్‌ఐ సగటులో దాన్ని కలపరు. ఆర్9 తక్కువైతే మన గుంటూరు కారం కూడా మట్టిరంగులో కనిపిస్తుంది. పోపులో మిరపకాయ వేగిందో మాడిందో రంగు చూసే కదా తెలుసుకునేది!

పటమట_ఫ్లాట్:
కప్‌బోర్డు పై అరలో చోటుంది, అయితే 24 వోల్టుల సీఓబీయే వేయిస్తాను. పిండి చేతులతో స్విచ్చు ముట్టకుండా, చెయ్యి ఊపితే వెలిగే సెన్సార్ పెట్టొచ్చా?

వైరింగ్_వన్‌టౌన్:
పెట్టొచ్చు, 24 వోల్టులకి పనికొచ్చేదే అడిగి తీసుకోండి. పొయ్యికి కనీసం రెండడుగుల దూరంలో బిగించండి, లేకపోతే గరిటె కదిపినప్పుడల్లా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దాని కన్ను మీద నూనె పొర పేరుకుంటే చెయ్యి ఊపినా పట్టించుకోదు, అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవాలి. సెన్సార్ డీసీ వైపు ఉంటుంది కనుక లైటు ఆరినా డ్రైవర్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. 230 వోల్టుల వైపు మామూలు స్విచ్చు ఒకటి తప్పకుండా ఉంచండి. ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఈ పనితో పాటే పెట్టించండి.