అప్‌డేట్: పెట్రోలా, ఎలక్ట్రికా అని అడిగాను, ఎనిమిది నెలల లెక్క ఇది

రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకు, అప్పుడప్పుడు విజయవాడకు వెళ్లివచ్చే నాకు ఏ కారు నయమని గత ఏడాది అడిగాను. ఎక్కువమంది పెట్రోలు కారే కొనమన్నా, నేను ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఈ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించడమే నన్ను అటు మొగ్గేలా చేసిందని ఒప్పుకోవాలి.

నెలకు సుమారు 1,200 కిలోమీటర్లు తిరుగుతాను. పాత కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చేది కనుక, లీటరు 107 రూపాయల చొప్పున పెట్రోలుకు 8,560 అయ్యేది. ఇప్పుడు చార్జింగులో వృథా అయ్యేదానితో కలిపి ఇంటి మీటరులో 180 యూనిట్లు అదనంగా తిరుగుతున్నాయి. నేను ముందు ఊహించనిది శ్లాబు సంగతి: మొత్తం వాడకం 400 యూనిట్లు దాటగానే యూనిట్ 9.50 రూపాయలకు చేరింది. ఆ అదనమంతటికీ అదే ధర కట్టినా 1,710 రూపాయలే.

విజయవాడ ప్రయాణం మాత్రం వేరే కథ. వెళ్లేటప్పుడు సూర్యాపేట దగ్గర చార్జింగ్ కేంద్రంలో ఆగితే, ఉన్న రెండు గన్నుల్లో (కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్గుల్లో) ఒకటి పనిచేయడం లేదు. ముందున్న కారు కదిలేసరికి 40 నిమిషాలు పట్టింది, అమ్మ రెండుసార్లు ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చావురా" అని అడిగింది. పైగా అక్కడ యూనిట్‌కు ఇంటి ధరకు రెట్టింపు కన్నా ఎక్కువే తీసుకున్నారు.

బీమా కూడా పాత కారుకన్నా ఎక్కువే. అపార్ట్‌మెంటులో నా మీటరు నుంచి పార్కింగుకు తీగ లాగడానికి అసోసియేషన్‌ను ఒప్పించేసరికి రెండు నెలలు గడిచాయి. కొనాలనుకునేవారు ముందు ఆ అనుమతి తీసుకున్నాకే బుకింగుకు వెళ్లండి.